దుప్పటికి అవతలి కొస

వంటగది బల్ల దగ్గర,
ఆదివారం మధ్యాహ్నం

మరదలు పిల్లకు వదిన ఆశీస్సులు.

నేను ఉద్యోగంలో చేరాను. ఈ మాట ఫోనులో చెబితే నీ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాలి. పైగా మీ అన్నయ్య పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని అంతా వింటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నవ్వడం అయ్యాక కింది పేరా చదువు.

ఇక్కడి పెద్ద హోటలు వెనకవైపు వాళ్ళ లాండ్రీ ఉంది. అందులో దుప్పట్లు మడతపెట్టే పని. "ఇంట్లో పెట్టే మడతలు చాల్లేదా?" అన్నారు మీ అన్నయ్య. "ఇంట్లో మడతలు చూసి ఎవరూ బాగుందనరండీ" అన్నాను. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళిపోయాక ఈ ఇంట్లో నన్ను పలకరించేది కుక్కరొక్కటే. అదీ కూత వేసి ఊరుకుంటుంది. ఈ ఉద్యోగం నాకు చాలా కావాలి. నీకు చెబుతున్నాను గానీ ఆయనకు చెప్పలేదు. ఆయన దృష్టిలో ఇది నాకు పట్టిన జలుబు, దానంతటదే తగ్గిపోతుంది.

మూడు నెలలు చూసి, ఉంచుకోవడమో పంపేయడమో చేస్తారట. సూపర్‌వైజరు పొడవాటి మనిషి, మాట పొట్టి. "మార్కులు పైవాళ్ళకమ్మా. నాకు మాత్రం నీ ఎదురు నిలబడే మనిషి సరేనంటే చాలు" అంది.

మార్కులంటే చెబుతాను. మొదటిరోజు నన్ను ఒక్క మనిషి పట్టే చెక్క అరలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు తగిలించి, తెర మీద పాఠం పెట్టారు. అందులో ఒకావిడ ఒంటరిగా నవ్వుతూ దుప్పటి మడతపెడుతుంది. పాపం, ఆవిడకు ఎవరూ లేరు. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి, మూలలు కలుపుతుంది. నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ చేస్తున్నది అదే కదా! మొత్తం పాఠం కంఠస్థం చేసి, అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. చివర్లో తెర నాకు చప్పట్లు కూడా కొట్టింది.

తీరా గదిలోకి వెళితే ఏముంది? అక్కడ ఒంటరిగా మడతపెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇస్త్రీ చేసే వేడి రోలరు లోంచి దుప్పటి బయటికి రాగానే ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు. రెండు ఊపుల్లో అది పలకంత అయిపోతుంది. నాకు ఎదురు నిలబెట్టిన ఆవిడ మాట్లాడదు. నేను మనసులో ఆవిడకు అవతలి కొస అని పేరు పెట్టుకున్నాను. దుప్పటి రాగానే నేను అలవాటుగా అంచు గడ్డం కింద పెట్టుకున్నాను. ఆవిడ రెండు చేతులతో కొస పట్టుకుని నావైపు చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంతసేపు చూడలేదు.

"గడ్డం ఎందుకమ్మా? నేను లేనూ?" అంది. ఆ రోజుకు ఆవిడ మాట్లాడింది అంతే.

నువ్వు చదువుకున్నదానివి. ఏదైనా ఉపాయం చెప్పు.

నీ వదిన

*

ఆఫీసు, అయిదో అంతస్తు,
కాఫీ మిషను పక్క సీటు

వదినా,

నవ్వాను. రెండుసార్లు. మా మేనేజరు వచ్చి ఏమైందని అడిగాడు, మా వదిన దుప్పట్లు మడతపెడుతోందంటే నీ మానసిక ఆరోగ్యం గురించి ఆరా తీశాడు.

నీకు తెలుసుగా, కంపెనీలకు ఇలాంటి పాఠాలు తయారుచేసి ఇవ్వడమే మా పని. నా మాట విను. మనిషి ముందు ఎవరికి వారు నేర్చుకోవాలి. తర్వాత నలుగురిలో కలిస్తే ఆ నేర్చుకున్నది నలుగురికీ అంటుకుంటుంది. మేం దీన్ని తెర మీద రెండు గుండ్రాలుగా, వాటి మధ్య ఒక బాణంగా చూపిస్తాం. చాలామంది ఆ బాణాన్ని ఫోటో తీసుకుంటారు.

ఇకపోతే, ఆ పాఠాన్ని మరీ అంతలా ఆడిపోసుకోకు. తయారుచేసినవాళ్ళకూ ఏవో ఇబ్బందులుంటాయి. బహుశా షూటింగు రోజున రెండో అమ్మాయికి పంటినొప్పి వచ్చి ఉండొచ్చు, స్టూడియో ఆ ఒక్కపూటకే దొరికి ఉండొచ్చు, సరేలే ఒక్కరితోనే కానిచ్చేద్దాం అనుకుని ఉండొచ్చు. ఊరికే అంటున్నాను.

అన్నయ్యను పేపరు తిరగేసి పట్టుకున్నాడేమో చూసుకోమను.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర

పిల్లా,

రెండో అమ్మాయి పంటినొప్పి తగ్గిందా? ఊరికే అడుగుతున్నాను.

నీ సలహా ప్రకారం ముందు ఎవరికి వారుగా నేర్చుకోవడం మొదలుపెట్టాను. రోజూ ఇంటికి రాగానే మంచం మీది దుప్పటి తీసి కుర్చీకి ఒక కొస కట్టి అభ్యాసం. కుర్చీ మంచిది, ఏమీ అనదు. కానీ అది ఎదురు నడిచి రాదు కదా. అందుకని మీ అన్నయ్యను నిలబెట్టాను. "ఎటు తిరగాలి?" అన్నారు. "మీకు తోచినట్టు తిరగండి, నేను పట్టుకుంటాను" అన్నాను. పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి ఇద్దరం ఒకేవైపు తిరిగాం. దుప్పటి మెలిపడి తాడయింది. "ఇందుకా జీతం ఇస్తున్నారు?" అని ఆయన పేపరు దగ్గరికి వెళ్ళిపోయారు.

లాండ్రీలోనూ అంతే. నేను కుడికి మడిస్తే అవతలి కొస ఎడమకు, నేను ఎడమకు మడిస్తే ఆవిడ ఆగిపోతుంది. మిగతా జంటలు మాత్రం నువ్వెటు నేనెటు అనుకోకుండా, సినిమా కబుర్లు చెప్పుకుంటూ, అసలు దుప్పటి వంక చూడకుండా మడిచేస్తున్నారు. ఎవరు ముందు, ఎవరు వెనక అని అందరినీ అడిగాను. "ముందేంటి, వెనకేంటి? మడవడమే" అన్నారు.

నా సంగతి నీకు తెలుసు. పద్ధతి లేకపోతే నాకు అన్నం సహించదు. మా టేబులు పక్క గోడకు ఒక చార్టు రాసి అంటించాను. మొదటి మడత ఎవరు, రెండో మడత ఎవరు, బాణాలతో సహా. సాయంత్రానికి ఎవరో దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. గోడ మీద చార్టుకి టీ గ్లాసు ఎలా ఆనిందని అడుగుతావేమో. చింపి టేబులు మీద పరిచి పెట్టుకున్నారు.

సూపర్‌వైజరు "ఎలా ఉంది కొత్తావిడ?" అని అడిగినప్పుడు, అవతలి కొస "రాస్తది" అంది. అది పొగడ్త కాదని నాక్కూడా అర్థమైంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా విషయంలో అది ఆ అరలోనే జరిగినట్టుంది.

వదిన

*

ఆఫీసు

వదినా,

నీ చార్టుకు నా సానుభూతి. మా ఆఫీసులోనూ నా చార్టుల గతి అదే, కాకపోతే ఇక్కడ కాఫీ కప్పు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తొలిచేస్తోంది. వాళ్ళు మడత మాటే ఎత్తకుండా, దుప్పటి చూడకుండా మడుస్తున్నారంటే ఏదో సైగ ఉండాలి. అది ఏమిటో కనిపెట్టు. కనిపెట్టగానే రాయి. ఎవరు ఎక్కడ నిలబడతారో, చేతులు ఎలా పెడతారో, అన్నీ వివరంగా. ఊరికే, తెలుసుకుందామని.

అదీగాక నువ్వు ఉద్యోగం నిలబెట్టుకోవాలని నాకూ ఉందిలే. అన్నయ్య గెలిస్తే వచ్చే సెలవుల్లో భరించాల్సింది నేను.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, టీ విరామం,
తిరగేసిన సబ్బు డబ్బా మీద కూర్చుని

పిల్లా పిల్లా,

దొరికింది!

ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే డబ్బా ఊగుతోందని అర్థం చేసుకో.

నిన్న నా చేతికి చిన్న సెగ తగిలింది. కట్టు కట్టుకున్నాను కాబట్టి ఆ చేత్తో గట్టిగా పట్టుకోవడం కుదరలేదు. వేళ్ళ చివర్లతో ఊరికే అలా ఆనించాను. అప్పుడు తెలిసింది. దుప్పటిలోంచి చిన్న లాగుడు వచ్చింది. ఎంత చిన్నదంటే, నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసేటప్పుడు లాగుతామే, అంత. అవతలి కొస "నా మూల సరిపోయింది, నువ్వు రా" అంటోందన్నమాట! ఇన్నాళ్ళూ ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. నేనే దుప్పటిని పీక పిసికినట్టు పట్టుకుని ఆ మాట వినపడకుండా చేశాను.

"మీరు లాగుతారు కదా!" అన్నాను. "నేనేం లాగాను?" అంది. పక్క జంటల్ని అడిగాను. "లాగడమేంటి, దుప్పటి చిరగదూ?" అన్నారు. ఒట్టు, చేస్తున్న సంగతి వాళ్ళకే తెలియదు! పిల్లాడి చేతిలో బొమ్మ మాట చెబితే గదంతా ఒకటే నవ్వు. "నువ్వు మాటలు కుడతావమ్మా" అంది అవతలి కొస. ఈసారి అది పొగడ్తే. పైగా తన గ్లాసులో టీ కొంచెం నా గ్లాసులో పోసింది.

నువ్వు వివరంగా అడిగావు కదా. మా టేబులు గదికి చివర. అవతలి కొస కిటికీ వైపు, నేను బాయిలరు గోడ వైపు. నేను గమనించినంతవరకు కిటికీ వైపు మనిషే ముందు లాగుతుంది. వెలుగు అటు కాబట్టి అంచు ఆవిడకు ముందు కనబడుతుంది. పద్ధతి అంటే అదీ! లేదు లేదన్నారు, చూశావా, ఉంది.

ఇంట్లో కుర్చీతో చేసిన అభ్యాసం కూడా వృథా పోలేదు. నా మూలలు నేను ఎంత తిన్నగా పట్టుకుంటే ఆ లాగుడు అంత స్పష్టంగా తెలుస్తోంది. నీ గుండ్రాలు, బాణం ఏమోగానీ, నాకు మాత్రం ఆ బాణం దుప్పటిలోనే దొరికింది.

గంట కొట్టారు. ఉంటాను.

వదిన

*

ఆఫీసు

వదినా,

ఎంత బాగా రాశావు! పిల్లాడి చేతిలో బొమ్మ! ఇలాంటి మాట మా ఆఫీసులో ఒక్కరికీ తట్టదు. నీ ఉత్తరాలు మాకు ఎంత ఉపయోగపడుతున్నాయో చెప్పలేను. అంటే నాకు.

ఈ మధ్య తీరిక లేదు. ఒక పని తొందరగా ముగించాలి. చేతి సెగ తగ్గిందా? అన్నయ్యను అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర

శ్రీమతి శిక్షణాధికారిణి గారికి,

నమస్కారములు. తమరు దయతో పంపిన నూతన పాఠము మా లాండ్రీకి చేరినది.

ఇక నావల్ల కాదు, మామూలుగానే తిడతాను. ఈ సోమవారం అందరినీ ఒక్కొక్కరిగా అరలో కూర్చోబెట్టి చెవులకు తొడుగులు పెట్టారు. పాఠం పేరు "లాగుడు: ఒక నైపుణ్యం". తెర మీద తేనె లాంటి గొంతు అంటుంది కదా, "నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినంత మృదువుగా". నా ఉత్తరం నాకే పాఠం చెప్పింది తల్లీ! ఒక్కొక్కరే అర లోంచి బయటికొచ్చి నావైపు చూశారు. ఆ మాట ఎవరిదో గదంతటికీ తెలుసు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు, అది సరే, సోకైనా సరిగ్గా చేసుకోవద్దూ? "కిటికీ వైపు ఉన్నవారు ముందుగా లాగవలెను" అని రాయించావు. మా గది రైలు పెట్టె లాంటిది, మహాతల్లీ. రెండువైపులా కిటికీలే! గోడ ఉన్నది నా ఒక్క టేబులుకే. మిగతా ప్రతి జంటలోనూ ఇద్దరూ కిటికీ వైపే. పాఠం అయిపోయాక సూపర్‌వైజరు చేతిలో కాగితం పట్టుకుని నిలబడింది, ఎవరు నిబంధన ప్రకారం లాగుతున్నారో మార్కులు వేయమని పైనుంచి ఉత్తర్వు. అందరూ బుద్ధిగా లాగారు. ఇద్దరిద్దరూ, ఒకేసారి. కొసలు చేతుల్లోంచి జారి, ఇస్త్రీ దుప్పట్లన్నీ తడినేల మీద పడ్డాయి. తీసి మళ్ళీ ఉతకడానికి పంపారు. రెండోరోజు ఎవరికీ లాగే ధైర్యం లేదు. రెండువైపులా దుప్పటి పట్టుకుని, "మీరు కానివ్వండి", "అబ్బే, ముందు మీరు". పెళ్ళివారి మర్యాదలు.

నా టేబులు దగ్గర ఇంకా ఘోరం. అవతలి కొస ఇప్పుడు లాగదు. చేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి ఆవిడకు. అడగ్గా అడగ్గా అంది, "అది మా చేతుల్లో ఉండేదమ్మా. నువ్వు నోట్లో పెట్టావు. ఇప్పుడు చేతికీ రావట్లేదు, నోటికీ రావట్లేదు."

ఉత్తరం రాసింది నేనేనని ఒప్పుకున్నాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. టీకి నేను వెళితే కబుర్లు ఆగిపోతున్నాయి. మూడు నెలలూ ఈ నెలాఖరుకు పూర్తవుతాయి. నీ పాఠంలో నాకు నూటికి నూరు మార్కులు వచ్చాయి, తెలుసా? ఎందుకు రావు, రాసిందే నేను. అవతలి కొస మాత్రం సరేననదు. మీ అన్నయ్య జలుబు మందు సిద్ధం చేసుకుంటున్నారు.

కిటికీ వైపు మనిషే ముందు అని ఒక్క టేబులు చూసి తేల్చేసింది నేనేలే. ఆ పాపంలో సగం నాది. మిగతా సగం ఇదిగో, ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. స్టాంపు నేనే అంటించాను.

ఇట్లు,
తమ పాఠ్యపుస్తకము

*

ఆఫీసు

వదినా,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

అవును, మొదటి పాఠమూ నాదే. పంటినొప్పి నిజమే. నువ్వు దాన్ని ఉతికి ఆరేస్తుంటే చెప్పే ధైర్యం లేకపోయింది. రెండోసారి సరిచేసి నిన్ను ఆశ్చర్యపెడదామనుకున్నాను. నీ మాటే మీ గదిలో మోగుతుందని మురిసిపోయాను కూడా. నిన్ను అడగాలని తట్టలేదు. తట్టింది, కానీ వద్దంటావని భయమేసింది.

ఆ పాఠం తీసేయాలని మేనేజరు దగ్గర కూర్చున్నాను. "రెండువైపులా కిటికీలున్నాయండీ" అన్నాను. ఆయన పెన్ను మూత తీసి, "అయితే కిటికీలను గుర్తించడం ఎలా అని ఇంకో పాఠం చేద్దాం" అన్నాడు. ఈ వాక్యం నేను కల్పించలేదు, నీ మీద ఒట్టు. చివరికి, తప్పు నాదని రాసి సంతకం పెడితే తీసేస్తానన్నాడు. పెట్టాను. నీ లాండ్రీకి రేపు కబురు వస్తుంది. నాకు రావాల్సిన పెద్ద సీటు ఇప్పుడు మా ఆఫీసులోనే ఉన్న ఆ పంటినొప్పి అమ్మాయికి వెళుతుందట. ఆవిడ నవ్వు బాగుంటుంది.

నేను వచ్చి మీ అవతలి కొసతో మాట్లాడనా? నువ్వు ఉండాలి వదినా అక్కడ. ఇది మాత్రం వెటకారం కాదు.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర

పిల్లా,

సంతకం పెట్టావా! మీ వంశంలో తప్పు ఒప్పుకున్న మొదటి మనిషివి నువ్వే. ఈ ముక్క మీ అన్నయ్యకు చదివి వినిపించాను. పేపరు కదల్లేదు.

నువ్వు రావద్దు. వస్తే మాట్లాడతావు. ఇక్కడ మాటలతోనే చిక్కు వచ్చింది.

కబురు వచ్చి పాఠం తీసేశారు. అయినా రెండురోజులు చేతులు కుదుటపడలేదు. విన్నది మరిచిపోవడానికి ఏ అరా లేదు కదా. ఇంతలో హోటలుకు ఏదో పెద్ద సభవాళ్ళు వచ్చి దిగారు. దుప్పట్లు కొండలా వచ్చిపడ్డాయి. రోలరు ఆగదు, బండ్లు ఆగవు. ఎవరు ముందో ఎవరు వెనకో ఆలోచించే తీరిక చచ్చినా లేదు. పక్కవాళ్ళు మళ్ళీ సినిమా కబుర్లలో పడ్డారు, హీరోయిను ఎవరితో పారిపోయిందో దాకా వచ్చారు. నేనూ వింటున్నాను. కాసేపటికి బల్ల వంక చూస్తే మా ఇద్దరి పక్కన దుప్పట్ల దొంతర నా భుజం దాకా ఉంది. ఎప్పుడు మడిచామో నాకు తెలియదు. ఎవరు లాగారో అసలే తెలియదు.

నిన్నటితో గడువు అయిపోయింది. నేను బల్ల తుడుస్తుండగానే సూపర్‌వైజరు వచ్చి, నేను అక్కడ లేనట్టే, అవతలి కొసను అడిగింది. "ఏమంటావు? ఉంచుదామా?"

ఆవిడ నన్ను తలనుంచి పాదాల దాకా చూసింది. "మాటలెక్కువ" అంది. తుడిచే గుడ్డ పక్కన పెట్టేశాను. "ఇంటికెళ్ళి కుర్చీతో నేర్చుకుంటదంట. పిచ్చి మనిషి. ఉండనీ. చెయ్యి ఇప్పుడిప్పుడే వింటంది. ఇంకొకర్ని మొదట్నుంచి భరించే ఓపిక నాకు లేదు."

నేను దణ్ణం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క షరతు. ఈ గదిలో సంగతి ఒక్క ముక్క కూడా ఉత్తరంలో రాయొద్దు. నీ ఆడపడుచుకు అంత కావాలంటే వచ్చి ఈ కొస పట్టుకోమను."

గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. మాట ఇచ్చాను. ఆవిడ షరతును నీకు తెలియజేయడానికి ఈ ఒక్క ఉత్తరానికి మాత్రం అనుమతి అడిగి తీసుకున్నాను.

ఉద్యోగం ఖాయమైంది, పిల్లా. ఇది రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. సబ్బు డబ్బా మీద కూడా లేను.

వదిన

*

ఆఫీసు, రెండో అంతస్తు,
కిటికీ లేని సీటు

వదినా,

ఎగిరి గంతేశాను. చిన్న సీటు కాబట్టి మోకాలు తగిలింది.

కానీ ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటే. ఆ రోజు చేతులు మళ్ళీ ఎలా కుదిరాయి? కబుర్ల వల్లా? తొందర వల్లా? కుర్చీ వల్లా? పాఠం కోసం కాదు, ఒట్టు. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్క వాక్యం రాయి. కాగితం చింపేస్తాను.

నీ ఆడపడుచు

*

వంటగది బల్ల దగ్గర

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి వదిన ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. నిన్న కొద్దిగా వాన పడింది, ఈరోజు ఎండ కాసింది. మీ అన్నయ్య ఆరోగ్యం బాగానే ఉంది. పిల్లలు బాగా చదువుకుంటున్నారు. మోకాలికి కాపడం పెట్టుకో.

ఉద్యోగం బాగానే ఉంది.

ఇంతకన్నా విశేషాలు లేవు.

నీ వదిన